కోట చుట్టూ చరిత్ర – 14: అచ్చు ఖర్చు ఎవరు మోశారు?

గత భాగాల్లో జఫర్‌గఢ్ కోటనూ వేల్పుగొండ గుట్టనూ ఏలినవాళ్ల వైపు నుంచి చూశాం. ఈసారి రాసినవాళ్ల వైపు నుంచీ, చదివినవాళ్ల వైపు నుంచీ చూద్దాం. కోటను నడిమధ్యన పెట్టుకుంటే దక్షిణాన పాలకుర్తి, బమ్మెర, తూర్పు వైపు ఇనుగుర్తి, ఇంకాస్త దిగువన చిన్నగూడూరు, ఉత్తరాన హనుమకొండ. బండి మీద ఒక్క రోజులో చుట్టిరాగల ఈ నేల మీద పాల్కురికి సోమనాథుడి పేరు, పోతన పేరు, ఒద్దిరాజు సోదరుల పేరు, దాశరథి పేరు వరసగా తగులుతాయి. ఇంతమంది రచయితలను కన్న చోట మద్రాసులోలాగా, బెజవాడలోలాగా పెద్ద పుస్తక వ్యాపారం మాత్రం పుట్టలేదు. పేదరికం వల్ల అనో, నిజాం పాలన వల్ల అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. అందులో నిజం ఉంది కానీ అది సగమే. పుస్తకం బయటికి రావడానికయ్యే ఖర్చునూ, అది అమ్ముడుపోకపోతే వచ్చే నష్టాన్నీ ఎవరు మోస్తారో చూడాలి. రచయితకూ పాఠకుడికీ మధ్య సంబంధం ఎలా ఉండాలో తేల్చేది ఆ భారమే. ఈ ప్రాంతంలో ఆ భారం ఒకరి నెత్తి మీది నుంచి మరొకరి నెత్తి మీదికి మారుతూ వచ్చింది. మారిన ప్రతిసారీ రచయిత ఎవరికి జవాబు చెప్పుకోవాలో కూడా మారింది. ఈ భాగంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

అచ్చు రాకముందు పుస్తకానికి ఖర్చు లేదనుకోవడం పొరపాటు. తాటాకులు కోసి, ఆరబెట్టి, పదును చేసి, గంటంతో వేల పద్యాలు గీయించాలంటే నెలల తరబడి మనుషులకు కూడు పెట్టాలి. కవి కూడా బతకాలి. ఆ ఖర్చును రాజో మంత్రో మోసేవాడు, బదులుగా అంకితం పుచ్చుకునేవాడు. శ్రీనాథుడు కాశీఖండాన్ని రెడ్డిరాజు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు, హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టి అనే వర్తకుడికి ఇచ్చాడు. అంటే డబ్బున్నవాడు రాజే కానక్కర్లేదు, సముద్రం మీద వ్యాపారం చేసే సెట్టి కూడా కావ్యానికి కృతిభర్త కాగలడు. అయితే ఖర్చు పెట్టినవాడి వంశం పీఠికలో రావాలి, వాడి గుణాలు ప్రతి ఆశ్వాసం మొదట్లోనూ చివర్లోనూ వినపడాలి. కావ్యాన్ని ఎంతమంది చదివినా మొదటి పాఠకుడు మాత్రం ఆ ఒక్కడే. అతని అభిరుచిని దాటి కవి పోకూడదని ఎవరూ శాసనం చేయలేదు, చేయాల్సిన అవసరమూ రాలేదు.

పాలకుర్తి పేరుతో ముడిపడిన సోమనాథుడు కాకతీయుల కాలంలో ఈ లెక్కను తిరగరాశాడు. బసవపురాణాన్ని ద్విపదలో రాశాడు. వృత్తాలకు భయపడే శ్రోత కూడా ద్విపదను పాడుకోగలడు, విన్న రెండు పాదాలను మరొకరికి అప్పగించగలడు. ఛందస్సులో ఆయన చేసిన ఈ ఎంపికను సాహిత్య చరిత్రకారులు దేశి, మార్గ వివాదంగా చూశారు. ప్రచురణ వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకొకటి కనిపిస్తుంది. పాడుకోవడానికి వీలైన కావ్యానికి ప్రతుల ఖర్చు తగ్గుతుంది, ఎందుకంటే గొంతే ప్రతి అవుతుంది. దాన్ని మోసేది భక్తసమాజం. ఆయన కృతి అందుకున్నవాళ్లు కూడా శివభక్తులే తప్ప సింహాసనం మీద కూచున్నవాళ్లు కారు. ఖర్చు మోసేవాళ్లు మారారు కాబట్టి కావ్యంలోకి వచ్చే మనుషులూ మారారు. చాకళ్లు, కుమ్మరులు, బోయలు కథానాయకులుగా కావ్యమెక్కారు. రాజు ఖర్చుతో నడిచే కావ్యంలో వాళ్లకు అంత చోటు దొరికేదా అన్నది ఆలోచించాల్సిన ప్రశ్న. దొరికేది కాదని రుజువు చేయడం కష్టమే కానీ, దొరికిన కావ్యాలను చూపించడం అంతకన్నా కష్టం.

బమ్మెర పోతన దగ్గరికి వచ్చేసరికి ఈ తెగింపు కథగా మారింది. భాగవతాన్ని రాచకొండ సర్వజ్ఞ సింగభూపాలుడికి అంకితమివ్వనన్నాడని, ఆ కోపంతో రాజు తాళపత్రాలను భూమిలో పాతించాడని, అవి చెదలు తినగా చెడిన భాగాలను శిష్యులు పూరించారని మన ఊళ్లలో చెప్పుకుంటారు. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యం అని వెంటనే అభ్యంతరం వస్తుంది. నిజమే, పాతిపెట్టించిన సంగతికి నమ్మదగిన సాక్ష్యం లేదు. సింగభూపాలుడే నాయకుడైన భోగినీదండకం పోతనదే అయితే ఒకప్పుడు ఆయనకు ఆ ఆస్థానంతో పొత్తు ఉండేదని కూడా ఒప్పుకోవాలి. అయినా రెండు విషయాలు మిగులుతాయి. మొదటిది, గంగన, సింగన, నారయ కొన్ని స్కంధాలు పూరించిన మాట వాస్తవం. ఒక్క ప్రతి చెడితే గ్రంథమే పోయే కాలం అది, పోయినదాన్ని నిలబెట్టింది చదువరులే. రెండవది, జరిగినా జరగకపోయినా జనం ఏ కథను దాచుకున్నారన్నది చరిత్రే. ఖర్చు పెట్టగల రాజును కాదన్న కవిని ఈ నేల తనవాడిగా చెప్పుకుంది. ఆ రాజు కూడా కవే, పండితుడే, అలంకారశాస్త్రం రాసినవాడే. అంతటి రసజ్ఞుడినే ప్రతినాయకుడిగా నిలబెట్టిందంటే, రాజు మోసే ఖర్చు వెనక ఏముంటుందో జనానికి తెలుసన్నమాట.

అచ్చు యంత్రం ఈ లెక్కను మార్చాలి. ఒక్క ప్రతికి అయ్యే ఖర్చు తగ్గి, పదిమంది కలిసి కొంటే రాజు అవసరం లేకుండా పోవాలి. మద్రాసు వైపు చాలావరకూ అలాగే జరిగింది. బ్రౌన్ 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణాలయం కావ్యాలనూ శతకాలనూ వ్యాఖ్యానాలతో ఇంటింటికీ చేర్చింది. అక్కడ బడి పుస్తకాలు, కళాశాల చదువులు, సర్కారు పరీక్షలు తెలుగు పుస్తకానికి నిలకడైన గిరాకీని ఇచ్చాయి. నిజాం రాజ్యంలో దీనికి పునాదే లేదు. కచేరీ భాష మొదట పారశీకం, 1884 తర్వాత ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. చదవడం, రాయడం వచ్చినవాళ్లు వందమందిలో పదిమందికి మించి లేరు, వాళ్లలో తెలుగు బళ్లో చదివినవాళ్లు ఇంకా తక్కువ. తెలుగు పుస్తకం చదివితే ఉద్యోగం రాదు, చదవకపోతే నష్టం లేదు. ఏ వ్యాపారి అయినా ఇటువంటి చోట ప్రెస్సు ఎందుకు పెడతాడు? లాభం చూసుకునేవాడు రాని చోట ఆ పని ఎవరు చేశారన్నదే ఇక్కడి కథ.

ముందుగా చేసింది పాఠకులు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిశాయి. తలా కొంత చందా వేసుకుని పుస్తకం కొని, ఒక్క ప్రతిని పదులమంది చదివే ఏర్పాటు అది. ఒక్కొక్కరూ మోయలేని ఖర్చును కలిసి మోశారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివాళ్లు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలిని పెట్టి ఈ పద్ధతిని ఒక మెట్టు పైకి తీసుకెళ్లారు. గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో మొదలుపెట్టి చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి విషయాల మీద తెలుగులో పుస్తకాలు తెచ్చారు. ఇటువంటి పుస్తకాలకు దుకాణంలో గిరాకీ ఉండదని వాళ్లకు తెలుసు. అందుకే శాశ్వత చందాదారుల మీద ఆధారపడ్డారు. పద్ధెనిమిదో శతాబ్దంలో ఇంగ్లండులో అలెగ్జాండర్ పోప్ తన ఇలియడ్ అనువాదాన్ని ముందస్తు చందాలతో తెచ్చి, ప్రభువుల దయ మీద ఆధారపడకుండా బతికాడు. మన దగ్గర ఇదే పద్ధతి ఒక్క కవికి ఆదాయం కోసం కాకుండా ఒక భాషలో శాస్త్రాన్ని నిలబెట్టడం కోసం పనికొచ్చింది. అయితే మునగాల రాజా వంటి పోషకులు వెనక లేకుండా ఇది నడవలేదనీ, 1908లోనే మండలి మద్రాసుకు తరలిపోయిందనీ మరిచిపోకూడదు. ముద్రణ సౌకర్యాలూ కొనేవాళ్లూ అటే ఎక్కువ. పాఠకుల చందా రాజుల చేతిని ఒక్కసారిగా విడిపించుకోలేదు, మెల్లగా సడలించింది.

ఇప్పుడు మన కోటకు తూర్పున ఉన్న ఇనుగుర్తికి రావాలి. ఇవాళ మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు 1922లో ఏ లెక్కన చూసినా ప్రెస్సు పెట్టదగిన చోటు కాదు. ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు అన్నదమ్ములు అక్కడే విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాలను నడిపారు, విద్వజ్జన మనోరంజని అనే ముద్రాక్షరశాలను పెట్టారు, 1922 ఆగస్టులో తెనుగు అనే వారపత్రికను మొదలుపెట్టారు. రుద్రమదేవి నవలతో ఓరుగల్లు చరిత్రను కథగా చెప్పిందీ వాళ్లే, పలు భాషలు నేర్చి అనువాదాలు చేసిందీ వాళ్లే. వ్యాసం రాసేదీ, అక్షరాలు కూర్చేదీ, ప్రూఫులు దిద్దేదీ, అచ్చు తీసి మడత పెట్టి చందాదారులకు పంపేదీ ఆ ఇల్లే. అదే నెలలో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకట రామనరసింహారావు నీలగిరి పత్రికను తెచ్చారు. రాజధానిని విడిచి ఊళ్ల నుంచి పత్రికలు రావడం యాదృచ్ఛికం అనుకోను. హైదరాబాదులో సర్కారు కన్ను దగ్గర, ఖర్చు ఎక్కువ. ఊళ్లో ఇంటి గది, ఇంటి మనుషులు, ఇంటి పంట. వ్యాపారంలో పెట్టుబడి అని దేన్నంటారో అదంతా ఇక్కడ కుటుంబం పేరుతో సమకూరింది. రచయితే ప్రచురణకర్త అయితే ఖర్చంతా అతనిదే, మాట కూడా అతనిదే. ఇనుగుర్తిలో జరిగింది అది.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తెనుగు పత్రిక ఐదారేళ్లకు మించి నడవలేదు, నీలగిరి కూడా అంతే. ఉత్సాహంతో పెట్టి నష్టంతో మూసేసిన ప్రయత్నాలను ఆదర్శంగా చూపడం ఏమిటి, వ్యాపారం కాలేనిది నిలవదు కదా అని అడగవచ్చు. నిలవలేదని ఒప్పుకుంటూనే, నిలవడానికి ఏ కొలత పట్టాలో చూడాలి. ప్రెస్సును ఇటుకల లెక్కన కొలిస్తే ఇనుగుర్తి ఓడింది. పాఠకుల లెక్కన కొలిస్తే మాత్రం 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను తెచ్చేసరికి ఊళ్లలో తెలుగు పత్రిక కోసం ఎదురుచూసే అలవాటు అప్పటికే మొదలైంది. ఆ అలవాటును ఏ వ్యాపారీ సొంత డబ్బుతో నాటలేదు. నష్టపోయినవాళ్లు నాటారు, తర్వాత వచ్చినవాళ్లు కోశారు. గోలకొండకు కూడా పెద్దింటివాళ్ల ఆర్థిక అండ ఉంది, కాబట్టి అది సంపూర్ణంగా పాఠకుల పత్రిక అనలేం. కానీ తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో వచ్చిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. ఒక భూభాగంలో ఇంతమంది రాస్తున్నా లేరని అనగలిగారంటే లోపం రాయడంలో లేదని తేలిపోయింది. రాసినదాన్ని బయటికి తెచ్చే ఖర్చు మోసేవాళ్లు లేరు. అచ్చు పుస్తకం అనేది లేకుండానే కవులైనవాళ్లు ఆ పేర్లలో ఎందరో. సంచిక ఆ భారాన్ని ఒక్కసారికి తన మీద వేసుకుంది.

1938 ప్రాంతంలో ఈ భారాన్ని పంచే పద్ధతి మళ్లీ మారింది. కె.సి. గుప్త అణా గ్రంథమాలను మొదలుపెట్టారు. రూపాయిలో పదహారో వంతుకు ఒక పుస్తకం. వట్టికోట ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను పెట్టి ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చారు. ఆళ్వారుస్వామి నేపథ్యం గమనించాలి. వంట పనులు చేసి, హోటల్లో సర్వరుగా బతికి, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. ఆయనకు ఇంటి పంట లేదు, రాజు అండ లేదు. మరి ఖర్చు ఎక్కడ తగ్గించాలి? పంపిణీలో తగ్గించాడు. పుస్తకాల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరూ తిరిగి అమ్మాడు. పుస్తక వ్యాపారంలో అచ్చు కన్నా పంపిణీ దగ్గరే ఎక్కువ డబ్బు జారిపోతుందని ఇవాళ్టి ప్రచురణకర్తలకు బాగా తెలుసు. ఆ ఖర్చును ఆయన కాళ్లతో చెల్లించాడు. దానివల్ల పొదుపు ఒక్కటే జరగలేదు. కొనేవాడు ఏ పుస్తకం తీసి చూసి పక్కన పెడుతున్నాడో, ఏ మాట అర్థం కాక ఆగిపోతున్నాడో ప్రచురణకర్త కళ్ల ముందే తేలిపోయేది. తర్వాత ఆయన రాసిన ప్రజల మనిషి నవలలో ఊరి మనుషులు ఎదుట నిలబడి మాట్లాడుతున్నట్టు ఉండడానికి ఉద్యమ అనుభవం ఎంత కారణమో, పుస్తకాలమ్మిన ఆ నడక కూడా అంతే కారణమని నా అనుమానం.

చవక పుస్తకానికి ఇంకో భారం కూడా ఉండేది, దానికి రూపాయల్లో లెక్క లేదు. గస్తీ నిషాన్ 53 వంటి ఉత్తర్వులతో సభకూ సమావేశానికీ అనుమతి కావాల్సిన రాజ్యంలో, ఊరి పఠనాలయాన్ని కూడా పోలీసులు అనుమానంగా చూసేవాళ్లు. పుస్తకం అమ్మేవాడే కాదు, చదివేవాడూ కొంత ప్రమాదాన్ని నెత్తిన వేసుకునేవాడు. చిన్నగూడూరులో పుట్టిన దాశరథి కృష్ణమాచార్య నిజామాబాద్ జైల్లో బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అదే జైల్లో ఆళ్వారుస్వామి తోటి ఖైదీ. 1949లో వచ్చిన అగ్నిధారను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. శ్రీనాథుడి కాలం నుంచి ఇక్కడిదాకా అంకితం ఎంత దూరం ప్రయాణించిందో చూడండి. ఖర్చు పెట్టగల ప్రభువుకు వెళ్లాల్సిన పీఠిక, గంప మోసిన ప్రచురణకర్తకు వెళ్లింది. రచయిత, ప్రచురణకర్త, పాఠకుడు ముగ్గురూ ఒకే భారానికి తలో చెయ్యి వేసిన కాలం అది. అందుకే ఆ రోజుల పుస్తకాల్లో రచయిత పాఠకుడిని పై నుంచి పిలిచినట్టు ఉండదు, పక్కన నడుస్తూ మాట్లాడినట్టు ఉంటుంది.

1956 తర్వాత వ్యాపారం నిజంగా వచ్చింది. బడులు పెరిగాయి, తెలుగు చదివితే ఉద్యోగం వచ్చే రోజులూ వచ్చాయి. ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో సీరియళ్లు ఇంటింటి అలవాటయ్యాయి. ఎమెస్కో పాకెట్ పుస్తకాలతో, ఇంటింటా గ్రంథాలయ పథకంతో నవలను టపాలో ఇంటికి పంపింది. యద్దనపూడి సులోచనారాణి నవలలు రైల్వే స్టేషన్ల దుకాణాల్లో వేలాడాయి. ఎనభైలకు వచ్చేసరికి యండమూరి వీరేంద్రనాథ్ సీరియల్ కోసం వారపత్రిక కొనేవాళ్లు తయారయ్యారు. నా వాదనకు ఇదే అసలైన పరీక్ష. ఇనుగుర్తి, దేశోద్ధారక గ్రంథమాల కలిసినా చేరలేనంతమంది పాఠకులను వ్యాపారం చేరింది. స్త్రీలను పెద్ద ఎత్తున పాఠకులుగానూ రచయితలుగానూ ముందుకు తెచ్చిందీ ఇదే. మరి ఖర్చు వ్యాపారి మోస్తే నష్టమేముంది? నష్టమని నేననడం లేదు, లెక్క మారిందంటున్నాను. వారపత్రికలో సీరియల్ ఖర్చులో పెద్ద భాగాన్ని ప్రకటనలు మోస్తాయి. ప్రకటనదారుకు కావలసింది వచ్చే వారం కూడా పేజీ తిప్పే పాఠకుడు. అందుకని ప్రతి వారం కథ ఉత్కంఠ దగ్గర ఆగాలి. ఆనాటి నవలల నిర్మాణం మీద రచయితల ప్రతిభ ముద్ర ఎంత ఉందో, ఈ లెక్క ముద్రా అంత ఉంది. పాఠకుడి ఉత్తరం సంపాదకుడికి వెళ్లేది, సంపాదకుడి కోరిక రచయితకు వెళ్లేది. నడుమ ఒక గది కొత్తగా వెలిసింది.

ఆ రోజుల్లో జనగామ, వరంగల్ వంటి పట్టణాల్లోనూ, ఇంకా చిన్న ఊళ్లలోనూ అద్దె పుస్తకాల దుకాణాలుండేవి. నవలకు రోజుకింత అని అద్దె. ఒక్క ప్రతి చినిగేదాకా వందలమంది చదివేవాళ్లు. పాఠకుడు డబ్బు ఇస్తున్నాడు, దుకాణదారు సంపాదిస్తున్నాడు, రచయితకు మాత్రం అమ్ముడైన ఆ ఒక్క ప్రతి మీద రావాల్సిందే. చాలామంది రచయితలకు అదీ లేదు, హక్కులు ఒకేసారి గుత్తగా అమ్ముకోవడం వాడుకలో ఉండేది. భాషా నిలయంలోనూ ఒక్క ప్రతిని పదులమంది చదివారు కదా, తేడా ఏమిటని అడగవచ్చు. భాషా నిలయం చందా మళ్లీ పుస్తకాలు కొనడానికే పోయేది, ఏ పుస్తకం తెప్పించాలో సభ్యులే మాట్లాడుకునేవాళ్లు. అద్దె దుకాణంలో పాఠకుడికి ఆ మాట లేదు. పొరుగున కేరళ ఇదే కాలంలో ఇంకో దారి పట్టింది. 1945లో కొట్టాయంలో రచయితలే కలిసి సాహిత్య ప్రవర్తక సహకార సంఘాన్ని పెట్టుకున్నారు, ధరలో 30 శాతం రాయల్టీగా రచయితకు ఇచ్చే పద్ధతి తెచ్చారు. అక్కడ కూడా తర్వాత కష్టాలు వచ్చాయి. అయినా రాతకు కూలి ఉంటుందన్న అలవాటు పాఠకుడిలో, ప్రచురణకర్తలో నాటుకుపోయింది. మన దగ్గర రచయితల సంఘాలు ఎన్నో పుట్టాయి, సభలు జరిపాయి, సంకలనాలు తెచ్చాయి. అంత బలంగా అమ్మకాన్ని చేతిలోకి తీసుకున్న రచయితల సహకార సంఘం మాత్రం నిలబడలేదు. పుస్తకం అమ్మడం సాహిత్యవేత్తకు తగని పని అన్న చిన్నచూపు ఇందుకు ఒక కారణం. గంప మోసిన ఆళ్వారుస్వామిని పొగిడినవాళ్లలో ఆ గంప అందుకున్నవాళ్లు తక్కువ.

వ్యాపారం విస్తరించిన ఆ రోజుల్లోనే పాత దారి కూడా పక్కన సాగింది. 1966 నవంబరులో హనుమకొండ నుంచి సాహితీ మిత్రులు సృజన పత్రికను మొదలుపెట్టారు. దాని వెనక ఉన్న వరవరరావు జనగామ ప్రాంతపు చిన్నపెండ్యాలలో పుట్టినవాడు. దాని రాజకీయాలతో ఏకీభవించేవాళ్లూ ఉన్నారు, విభేదించేవాళ్లూ ఉన్నారు. ప్రచురణ పద్ధతి మాత్రం ఇనుగుర్తి వారసత్వమే. చందాదారులు, మిత్రుల చేతి సాయం, చేతుల మీదుగా అమ్మకం, నిర్బంధాల మధ్య పాతికేళ్ల నడక. 1980లో మొదలైన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ సహవాసి చేసిన ఏడుతరాలు అనువాదం వంటి పుస్తకాలను తక్కువ ధరకు తెచ్చి ఈ పద్ధతికి వృత్తి నైపుణ్యం జోడించింది. విశాలాంధ్ర సంచార పుస్తక వాహనాలు ఊళ్లకు వచ్చాయి. రంగనాయకమ్మ తన పుస్తకాలను తానే వేసుకుని, పేజీలతో పోలిస్తే ఆశ్చర్యపోయేంత తక్కువ ధర పెట్టి అమ్మారు. వ్యాపారం కానిది నిలవదన్న అభ్యంతరానికి ఇవి పూర్తి జవాబు కాకపోవచ్చు, కానీ మినహాయింపులుగా కొట్టిపారేయడానికి ఇవి మరీ ఎక్కువ.

ఇక సర్కారు మోసిన భారం. 1960 గ్రంథాలయ చట్టంతో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల వరకూ గ్రంథాలయ పన్ను వచ్చింది. పాఠకుడు కానివాడు కూడా పుస్తకానికి చందా కట్టే ఏర్పాటన్నమాట. ఒక్క కలం పోటుతో భాషా నిలయాల కలను రాష్ట్రమంతా పరిచినట్టే. దీని మేలు చిన్నది కాదు. జిల్లా గ్రంథాలయ సంస్థలు కొంటాయన్న ధైర్యంతో ఎన్నో కవితా సంపుటాలు, పరిశోధన గ్రంథాలు అచ్చయ్యాయి. కానీ ఇక్కడా ఖర్చు మోసేవాడే పాఠకుడి స్థానంలోకి వచ్చాడు. కొనుగోలు సంఘం నచ్చిన పుస్తకం బీరువాకు చేరుతుంది, చదివేవాడు అడిగినది చేరుతుందన్న హామీ లేదు. స్థానిక సంస్థలు వసూలైన పన్నును గ్రంథాలయ సంస్థలకు అందించడంలో ఆలస్యం చేసినప్పుడల్లా కొనుగోళ్లు ఆగిపోతాయి, వాటి మీద లెక్క వేసుకున్న రచయిత కట్టలను అటక మీద పెట్టుకుంటాడు.

ఇవాళ చాలా పుస్తకాల ఖర్చు ఎవరు మోస్తున్నారు? రచయితే. ఒకప్పుడు వెయ్యి ప్రతులన్నది తెలుగు పుస్తకానికి మామూలు ముద్రణ. డిజిటల్ ముద్రణ వచ్చాక ఐదు వందలూ, మూడు వందలూ, అడిగితే యాభయ్యీ వేయవచ్చు. డబ్బు రచయితది, ముఖచిత్రం మీద చిహ్నం ప్రచురణ సంస్థది అన్న పుస్తకాలు ఎన్నో. ఇనుగుర్తి అన్నదమ్ములూ సొంత ఖర్చుతోనే వేశారు కదా, మళ్లీ అక్కడికే చేరాం కదా అనిపించవచ్చు. పైకి ఒకటే, లోపల ఒకటి కాదు. వాళ్లు తమ పుస్తకంతోపాటు ఒక పాఠక సమాజాన్ని తయారు చేయడానికి ఖర్చు పెట్టారు, ఇతరుల రాతలకూ చోటిచ్చారు. ఇవాళ ఒక్కో రచయితా తన ఒక్క పుస్తకం కోసం విడిగా ఖర్చు పెడుతున్నాడు. ఆవిష్కరణ సభ అయ్యాక సగం ప్రతులు బంధుమిత్రులకు ఊరికే వెళతాయి. డబ్బు పెట్టి కొనని పాఠకుడు మొహమాటం కొద్దీ మెచ్చుకుంటాడు, నచ్చలేదని చెప్పడు. రచయితకు అందాల్సిన అసలైన జీతం, అంటే నిక్కమైన తీర్పు, అక్కడే ఆగిపోతుంది.

ఫోను చేతికొచ్చాక ఈ గొడవంతా తీరిపోయిందనేవాళ్లున్నారు. రాయగానే పాఠకుడికి చేరుతుంది, అచ్చు ఖర్చు సున్నా, దళారీ లేడు అంటారు. అచ్చు ఖర్చు పోయిన మాట నిజం. వెతికి పట్టుకునేలా చేసే ఖర్చు మాత్రం పోలేదు, దాన్ని ఇప్పుడు మోస్తున్నవి ప్రకటనలతో బతికే పెద్ద కంపెనీలు. వారపత్రిక సీరియల్ ఏ లెక్కకు లొంగిందో తెర మీది రాతా ఆ లెక్కకే లొంగుతుంది, వారం బదులు నిమిషం. ఇంకోవైపు మంచి సంకేతాలూ ఉన్నాయి. గత కొన్నేళ్లుగా చిన్న ప్రచురణ సంస్థలు ముందస్తు ఆర్డర్లు తీసుకుని, వచ్చిన పేర్లను బట్టి ఎన్ని ప్రతులు వేయాలో నిర్ణయిస్తున్నాయి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో రచయిత తన బల్ల దగ్గర తానే నిలబడి అమ్ముతున్నాడు. తెలిసో తెలియకో విజ్ఞాన చంద్రిక చందా పద్ధతినీ ఆళ్వారుస్వామి అమ్మకాన్నీ మళ్లీ పట్టుకున్నారు.

ఈ నేల అనుభవం నుంచి తేలేది ఏమిటంటే, భారమంతా ఒక్కరి మీదే పడినప్పుడు పుస్తకం ఆ ఒక్కరికే కట్టుబడింది. రాజు మోస్తే రాజుకు, ప్రకటనదారు మోస్తే ప్రకటనదారుకు, కొనుగోలు సంఘం మోస్తే ఆ సంఘానికి. రచయిత ఒక్కడే మోసినప్పుడు సైతం అతని అహానికో మొహమాటానికో కట్టుబడింది. భారం పంచుకున్నప్పుడు మాత్రం, అది ద్విపద పాడుకున్న భక్తసమాజం కావచ్చు, హనుమకొండ భాషా నిలయం కావచ్చు, అణా పెట్టి కొన్న రైతు కావచ్చు, రాత పాఠకుడికి జవాబు చెప్పింది. అలా పంచుకున్న ప్రయత్నాలు ఎక్కువ కాలం బతకలేదని ఒప్పుకున్నాను. కానీ ప్రతిదీ తన తర్వాతి ప్రయత్నానికి పాఠకులను మిగిల్చి వెళ్లింది. కాబట్టి జనగామలోనో మహబూబాబాద్‌లోనో ఇవాళ ఒక పుస్తకం రాసినవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఎవరు అచ్చు వేస్తారని కాదు, ముందే డబ్బు కట్టి ఎదురుచూసే వందమంది ఎవరని. చదివేవాడు వేసుకోవాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: ఊరికే వచ్చిన ప్రతిని తిప్పి పంపి, కొని చదివి, నచ్చకపోతే ఆ మాట చెప్పే హక్కును సంపాదించుకుంటున్నానా అని. (వచ్చే భాగంలో: ఊరి పఠనాలయాలు, వాటి చుట్టూ పెరిగిన ఆంధ్ర మహాసభ.)